మీ సబ్జెక్టు కానిదే ముందు చదవండి

పీహెచ్‌డీలో చేరగానే నలుగురూ చెప్పే మాట ఒకటే: "టాపిక్ చిన్నది పెట్టుకో, పక్కచూపులు చూడకు, తొందరగా సబ్మిట్ చేసి బయటపడు." నేను చెప్పబోయేవన్నీ దీనికి అడ్డంగా ఉండే సలహాలు. మీ గైడుకు నచ్చకపోవచ్చు. అయినా పాటించమనే అడుగుతున్నాను. మన యూనివర్సిటీల్లో తెలివైన పిల్లలకు కొదవ లేదు. డిపార్ట్‌మెంటుకూ డిపార్ట్‌మెంటుకూ మధ్య లేచిన గోడలే వాళ్ళను ఎదగనివ్వడం లేదు.

మీది కాని పని ఎవరైనా అప్పగిస్తే వద్దనకండి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చేసిన సి.ఆర్.రావు కలకత్తా వెళ్ళింది సైన్యానికి సంబంధించిన ఒక ఉద్యోగం కోసం. అది రాలేదు. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1946లో ఆయన్ను కేంబ్రిడ్జికి పంపింది ఎముకల లెక్క తేల్చడానికి! సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలవి. ఆ పాతకాలపు మనుషులు ఏ జనానికి దగ్గర, ఏ జనానికి దూరం అన్నది ప్రశ్న. పుర్రె పొడవు, వెడల్పు, ఎత్తు, ముఖం వెడల్పు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక విడివిడిగా పోలిస్తే మోసపోతాం. అన్నిటినీ కలిపి ఒకే 'దూరం'గా లెక్కగట్టే పద్ధతిని గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ 1936లోనే ఇచ్చారు, అదీ మనుషుల శరీర కొలతలతో కుస్తీ పడుతూనే. రావుగారు దాన్ని ఎంతో ముందుకు తీసుకెళ్ళి, 1948లో మరో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఉపగ్రహ చిత్రంలో ఏది చేను, ఏది చెరువు అని విడదీసే చోట నేటికీ ఆ దూరాన్ని వాడతారు. కాబట్టి "దీనివల్ల ఉపయోగమేమిటి?" అని అడిగే బంధువులకు మొదటి రెండేళ్ళూ జవాబు చెప్పకండి. పుర్రెల ముందు కూర్చున్నవాళ్ళను ఆ రోజు అడిగితే వరి పొలాల మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

గుమాస్తా పని మీ చేతులతో మీరే చెయ్యండి. డేటా ఎవరితోనో ఎక్కించుకుని, పట్టికలు ఇంకెవరితోనో వేయించుకుని సంతకం పెట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. డి.డి.కోశాంబి గణితశాస్త్రజ్ఞుడు. తక్షశిలలో దొరికిన వెండి నాణేలను సున్నితమైన త్రాసులో ఒక్కొక్కటిగా తూచారు. చేతులు మారిన ప్రతిసారీ నాణెం రవ్వంత అరుగుతుంది. ఎక్కువకాలం చలామణీలో ఉన్నకొద్దీ సగటు బరువు తగ్గుతుంది, ఒకదానికీ ఇంకోదానికీ తేడా పెరుగుతుంది. వెనకవైపు వేసే చిన్న చిన్న ముద్రలూ పెరుగుతూ పోతాయి. ఇది నిజమేనా అని సరిచూడటానికి తన కాలపు నాణేలను కూడా వేల సంఖ్యలో తూచారు. వాటి మీద తయారైన సంవత్సరం అచ్చై ఉంటుంది కదా, వయసుకూ అరుగుదలకూ లంకె చూపడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఏలికల పేరైనా లేని నాణేలను ఆ అరుగుదలతోనే ముందువీ వెనకవీ అని వరసపెట్టారు. అదే మనిషి 1948లో భర్తృహరి పద్యాల పాఠాలను రాతప్రతులతో పరిష్కరించి ప్రచురించారు, 1956లో భారత చరిత్ర అధ్యయనానికి కొత్త దారి వేసిన పుస్తకం రాశారు. ఆయన నిర్ణయాలతో తగువు పడేవాళ్ళున్నారు, పడవచ్చు. తగువు పడటానికి బరువుల పట్టిక ఉంది. అదీ నేను కోరేది.

చరిత్ర విద్యార్థులు కావ్యాలు చదవాలి, రసం కోసమే కాదు, సాక్ష్యం కోసం కూడా. సురవరం ప్రతాపరెడ్డి వకీలు చదువు చదివారు, గోలకొండ పత్రిక నడిపారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాయడానికి పాల్కురికి సోమనాథుణ్ణి, క్రీడాభిరామాన్ని నిలబెట్టి ప్రశ్నలడిగారు: జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు? రాజుల శాసనాలు వీటికి సరిగ్గా జవాబు చెప్పవు. ఆ పుస్తకానికే 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

లైబ్రరీలో దొరకని గురువును ఇంటికి పిలవండి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పే పంతులు. తెలుగు తెలిసిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. దశాబ్దాల తర్వాత, 1931లో, ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశానికి మాటలు ఊళ్ళలోని రైతుల నోట వచ్చినవే.

పక్క డిపార్ట్‌మెంటు పనిముట్టు అరువు తెచ్చుకోండి, కానీ దాన్ని నేర్చుకున్నాకే వాడండి. జీవజాతుల వంశవృక్షాలు గీసే గణిత పద్ధతులతో 2018లో ఇరవై ద్రావిడ భాషలను పోల్చి ఆ భాషా కుటుంబం వయసు లెక్కగట్టారు. సుమారు 4,500 ఏళ్ళని తేలింది. ఆ లెక్కకు ఆధారం ఆయా భాషల మాటల జాబితాలు. వాటిలో ఏది సొంతం, ఏది ఇంకో భాష నుంచి వచ్చింది అని తేల్చడానికి భాషాశాస్త్రం వచ్చి తీరాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియదు. పక్కవాళ్ళ పద్ధతిని పేరు కోసం తగిలించే థీసిస్‌లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ ఎమ్మే క్లాసులో వెనక బెంచీలో ఒక సెమిస్టర్ కూర్చోండి, పరీక్ష కూడా రాయండి.

ఇక రేపే చెయ్యగలిగినది. థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైటు తెరవండి. మీకు ఏ సంబంధమూ లేని శాఖలో ఒక థీసిస్ దించుకుని, ముగింపు వదిలేసి, సామగ్రి ఎలా సేకరించారో చెప్పే అధ్యాయం చదవండి. మీరు భౌతికశాస్త్రమైతే జానపదం, తెలుగైతే నేలల శాస్త్రం. మీ ప్రశ్నకు పనికొచ్చే పద్ధతి కనబడితే ఆ శాఖ మాస్టారి గది తలుపు తట్టండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం వేరే డిపార్ట్‌మెంటు నుంచి కో-గైడును పెట్టుకోవచ్చు. దరఖాస్తు సినాప్సిస్‌తో పాటే పెట్టండి, థీసిస్ సగంలో ఉండగా అడిగితే ఎవరూ సంతకం చెయ్యరు.