గొంతు అద్దెకు ఇవ్వబడును

గొంతుకు ఏఐ నకలు తీయించి లైసెన్సు ఇచ్చేస్తే నిద్రలోనూ డబ్బులొస్తాయట. ఎలెవెన్‌ల్యాబ్స్ లాంటి కంపెనీ నాణ్యమైన నకలుకు అడిగేది కనీసం అరగంట రికార్డింగే.

ఘంటసాలకు ఈ కిటుకు తెలియదు పాపం! 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంటూ, కడుపు నింపుకోడానికి జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తారు.

సరే, నకలు గొంతు ఎవరికెంత కూడు పెట్టిందో చూద్దాం. 2020లో కన్నుమూసిన ఎస్పీ బాలు గొంతు 2023లో ‘కీడా కోలా’ సినిమాలో ఏఐ పుణ్యమా అని మళ్లీ పలికింది. మమ్మల్ని అడగలేదంటూ కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపి, క్షమాపణతో పాటు రాయల్టీలో వాటా అడగాల్సి వచ్చింది. 2024లో ‘లాల్ సలాం’ సినిమా పాటకు రెహమాన్ మాత్రం ఇద్దరు దివంగత గాయకుల కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికమూ ఇచ్చారు. అడిగి ఇచ్చేవాళ్లూ ఉన్నారన్నమాట!

బాలు ఇంటివాళ్లకే నోటీసు పంపక తప్పలేదు. ఇక శ్రీకాకుళం వీధుల్లో తోపుడుబండి మైకులోంచి పొద్దస్తమానం ‘ఉల్లిపాయలమ్మా’ అని అరిచే ఆ రికార్డు గొంతు ఎవరిదో, రాయల్టీ ఎవరిస్తారో! బేరం తెగాక గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వెయ్యడం మాత్రం ఆ మైకుకు ఇంకా చేతకాలేదు.