గంట మిక్సు, నలభై సెకన్ల మార్కులు

సింగపూర్ క్లబ్బులో డీజే ఉద్యోగానికి బయోడేటా చాలదు, డెమో మిక్స్ కావాలి. మనవాడొకడు పగలు కోడింగ్, రాత్రి మిక్సింగ్. గంట మిక్సుకి మూడు నెలలు ముప్పుతిప్పలు పడ్డాడు. నిమిషానికి 124 బీట్ల పాటని 128 బీట్ల పాటతో వేగం కలిపి, శ్రుతి కలిపి, ఒకదాని బేస్ తగ్గించి రెండోదాని బేస్ పెంచి... పెళ్లికి జాతకాలు కూడా ఇంత శ్రద్ధగా కలపరు. సింక్ బటన్ నొక్కితే వేగం దానంతటదే కలుస్తుందిట, ఆ ముక్క మాత్రం బయటికి చెప్పడు.

ఫోన్లో విని నాన్నగారు హడలిపోయారు. ఆయనకి డీజే అంటే నిమజ్జనం బండి మీది సౌండు పెట్టెలే. హైదరాబాద్ పోలీసులు 2024లో ఊరేగింపుల్లో వద్దన్నవి. "నిషేధించిన ఉద్యోగానికి అప్లికేషనేమిట్రా?"

ఇక్కడి లెక్క వేరు నాన్నగారూ! 1991లో నది ఒడ్డున పాత గోదాముల్లో పుట్టిన జౌక్ క్లబ్బు 2016లో క్లార్క్ కీకి కాపురం మార్చింది. దానికి పేరు తెచ్చిన బుధవారం 'మాంబో జాంబో'లో మోగింది ఎనభైల నాటి పాటలే. అందరూ కలిసి ఒకే తీరున చేతులు ఊపడమే. జనానికి కొత్తదనం కావాలని మనవాడికెవరు చెప్పారో మరి.

చివరికి ఓ మేనేజరు విన్నాడు. నలభై సెకన్లు.

"బాగుంది. శుక్రవారం ఎంతమంది ఫ్రెండ్స్‌ని తెస్తావు?"

మనవాడిప్పుడు హెడ్‌ఫోన్లు పక్కన పడేసి, తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తలలు లెక్కపెడుతున్నాడు. మీకూ మెసేజ్ వచ్చే ఉంటుంది, చూసుకోండి.