పట్నము చూచివచ్చు చీటీకి ‘సద్దిమూట’ వ్యాఖ్య

మూలము

“ఆదివారం. పొద్దుగాల ఫస్టు బస్సు. ఆధార్ కార్డులు మర్వొద్దు. సద్ది కట్టుకోవాలె. చార్మినార్. మ్యూజియం, పన్నెండు కొట్టకముందే. జూపార్కు. బిర్లామందిర్, ట్యాంక్‌బండ్. ఈలైతే గోలుకొండ. ఆఖరి బస్సు తప్పొద్దు.”

అవతారిక

కృష్ణాతుంగభద్రల నడుమ నడిగడ్డయని పేరొందిన సీమయందు, సంస్థానకాలమున విద్వద్గద్వాలయని కవిపండితులచే కొనియాడబడిన పట్టణమున, ఒకానొక గృహస్థు పెండ్లిపత్రిక వెనుక బాల్‌పెన్నుతో లిఖించిన పై గ్రంథము పరిమాణమున నల్పమయ్యును అర్థమున మిక్కిలి గహనమగుటచేత, వ్యాఖ్యానము లేక లోకమున కుపకరింపజాలదు. మూలమునలేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతినపట్టి కాళిదాసకావ్యములకు టీకలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన తెలంగాణమువాడే గనుక, ఆ మహనీయునకు నమస్కరించి, ఆ ప్రతినలో మొదటిసగమును మాత్రమే పాటింపగలనని మనవిచేసికొని, ‘సద్దిమూట’యను నీ వ్యాఖ్యకు పూనుకొనుచున్నాను.

శాస్త్రగ్రంథమునకు విషయము, సంబంధము, అధికారి, ప్రయోజనము అని అనుబంధములు నాలుగు. హైదరాబాదు నగరమును ఒక్క పగటిలో చూచుట విషయము. ఆర్టీసీ సంబంధము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు కోడికూతకు ముందు లేవగల ప్రతివాడును అధికారి. ప్రయోజనమును గూర్చి మాత్రము కొంత విచారింపవలసియున్నది. పాలమూరినుండి పట్నమునకు తరతరములుగా పోయినవారు చూచుటకై పోయినవారు కారు; తట్టయు పారయు చేతబట్టి, మేస్త్రీ వెంట, గోడలు లేపుటకును స్లాబులు పోయుటకును పోయినవారు. తాము కట్టిన మేడ పూర్తియైన మఱునాడే మఱియొక పునాదికి తరలిపోయిన ఆ మనుష్యులు, ఇరువదియేండ్లు పట్నమున నుండియు చార్మినారును లారీమీదినుండి తప్ప చూచియెఱుగరు. అట్టివారి మనుమలు తలదువ్వుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని, చేత తట్టలేకుండ పట్నమున దిగుటయే ఈ గ్రంథమునకు ప్రయోజనము.

“ఆదివారం”

ఈ యొక్క పదమును నిర్ణయించుటకు గ్రంథకర్త ఎంత యోచించెనో సామాన్యపాఠకుడు గ్రహింపజాలడు. శుక్రవారమున సాలార్‌జంగ్ మ్యూజియమును, చౌమహల్లా ప్యాలెసును మూసియుందురు; సోమవారమున జూపార్కు మూసియుందురు; కావున ఆ రెండు దినములును లౌకికప్రమాణముచేతనే తొలగిపోయినవి. ఇక శాస్త్రప్రమాణము. మంగళ, బుధవారములందు ఉత్తరదిక్కునకు శూల, అనగా ఆ దిక్కునకు ప్రయాణము తగదు. నాగర్‌కర్నూలువారికి హైదరాబాదు ఇంచుమించు నిట్టనిలువు ఉత్తరమగుటచేత వారికీ దోషము పూర్ణముగా తగులును. గద్వాలవారికది ఈశాన్యమునకు మొగ్గియుండుటచేత సగమే తగులును. తూర్పునకు శూలగల శనివారము గద్వాలవారిని మిగిలిన సగమున పట్టుకొనును. పైగా బడిపిల్లలకు నెలకొక్క రెండవశనివారమే కాని ప్రతి శనివారము సెలవుండదు. గురువారము పోవుటకు నిర్దోషమేకాని, ఆనాడు దక్షిణమునకు శూల యగుటచేత, పోయినవారు రాత్రికి మరలివచ్చుట ఎట్లన్నది ప్రశ్న. నాడుపోయి నాడువచ్చు ప్రయాణమునకు శూల పట్టదని పెద్దలు సమాధానము చెప్పుదురుగాని, ఇంటనున్న ముసలమ్మ ఒప్పుకొనవలెను గదా! ఇట్లు ఆఱుదినములును బాధితములు కాగా, పడమటికి మాత్రమే శూలయైన ఆదివారము మిగిలినది. ఆనాడు మూడుకోట్లమంది తెలుగువారికి ఇదే యోచన తోచుననుటయొక్కటే దీనియందలి దోషము. ఆదివారమున జూపార్కులో సింహముకంటె దానిని చూచువారి వీపులే అధికముగా కనబడును.

“పొద్దుగాల ఫస్టు బస్సు”

గద్వాలనుండి హైదరాబాదునకు దాదాపు 190 కిలోమీటర్లు. పోవుటకు నాలుగుగంటలు, వచ్చుటకు నాలుగుగంటలు. నడుమ చాయకని డ్రైవరు ఆపునట్టి కాలమును శాస్త్రకారులు లెక్కింపలేదు. ఎఱ్ఱవల్లి చౌరస్తాలో 44వ నంబరు జాతీయరహదారి నందుకొని, బీచుపల్లియొద్ద కృష్ణ దాటునప్పుడు ఆంజనేయస్వామికి బస్సులోనుండియే దండముపెట్టి, నదిలో రూపాయి విసరి, పెబ్బేరు, కొత్తకోట, భూత్‌పూర్, జడ్చర్ల, షాద్‌నగర్ దాటిపోవుట గద్వాల సంప్రదాయము. వనపర్తివారు కొత్తకోటయొద్ద ఈ సంప్రదాయమున కలిసిపోదురు. నాగర్‌కర్నూలువారిలో మాత్రము రెండు శాఖలున్నవి. తిమ్మాజిపేటమీదుగా జడ్చర్లచేరి రహదారి పట్టువారు పూర్వశాఖ. కల్వకుర్తిమీదుగా శ్రీశైలము రోడ్డునబడి కడ్తాల్, తుక్కుగూడలు దాటిపోవువారు ఉత్తరశాఖ. ఏది దగ్గఱయని ఈ రెండుశాఖలవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి అడిగినచో బస్సు తప్పిపోవుట నిశ్చయము.

రైలుపక్షమువారును గలరు. గద్వాలవారికి కాచిగూడకు నేరుగా రైలున్నది. వనపర్తిరోడ్డు అను స్టేషను మదనాపురమున నున్నది గనుక, ఆ పేరులోని రోడ్డు ఎంత సత్యమో వనపర్తి యంత దూరము. నాగర్‌కర్నూలునకు రైలే లేదు. కావున బస్సే మూలకర్త హృదయము.

“ఆధార్ కార్డులు మర్వొద్దు. సద్ది కట్టుకోవాలె”

2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులందు స్త్రీలకు టికెట్టువెల లేదు. కార్డు చూపినచో కండక్టరు జీరో టికెట్టు చింపి యిచ్చును. దీని ఫలితముగా, మొదట ‘నేనును పిల్లలును’ అని బయలుదేరిన యాత్ర, అమ్మ, పెద్దమ్మ, ప్రక్కింటి వదిన, ఆమె చెల్లెలు అని పెరిగి, ఛార్జీ చెల్లింపవలసినవాడు గ్రంథకర్త యొక్కడే మిగులును. సూపర్‌లగ్జరీ ఎక్కుదమను కుఱ్ఱవాని పూర్వపక్షము ఇచ్చటనే ఖండింపబడినది.

సద్దియనగా జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారము, పల్లీలపొడి, పెరుగన్నము. మ్యూజియములో సంచులు బయటనే అప్పగింపవలెను గనుక, లోపలికి పోకముందే మూట విప్పుట యుక్తము.

అన్వయము

పద్యమునకువలెనే చీటీకిని పదముల క్రమము వేఱు, అన్వయక్రమము వేఱు. మూలమున చార్మినార్ మొదట, మ్యూజియం పిదప, జూపార్కు మూడవదిగా నున్నవి. ఇట్లే పోవువాడు వచ్చినదారినే వెనుకకు పోవును. ఏలయన, 44వ రహదారినుండి నగరము ప్రవేశించువానికి శంషాబాదు దాటగానే ఆరాంఘర్ చౌరస్తాయు, దానివెనుక జూపార్కును, ఆపైన బహదూర్‌పురా మీదుగా చార్మినారును, పత్తర్‌గట్టీ, మదీనాలు దాటి నయాపూల్ ప్రక్కన మ్యూజియమును, దానికి దాపున మూసీనదిలో ఇమ్లీబన్ బస్టాండును వరుసగా వచ్చుచున్నవి. ఆరాంఘర్ నుండి జూపార్కువఱకు 2025 జనవరిలో ఫ్లైఓవరు తెఱచినారు గనుక, ముందుగానే దిగనివాడు జంతువుల తలలమీదుగా పోవును. చాంద్రాయణగుట్టవైపునుండి వచ్చు కల్వకుర్తిశాఖవారికి ఈ యన్వయము చెల్లదు. వారికి చార్మినారే మొదలు.

అయితే “పన్నెండు కొట్టకముందే” యను విశేషణము ఈ యన్వయమునకు అడ్డువచ్చుచున్నది. తొమ్మిదికి ఆరాంఘరులో దిగినవాడు, సుమారు 380 ఎకరముల జూపార్కు చుట్టివచ్చి, పన్నెండులోపల మ్యూజియములో నుండుట దేవతలకును అలవికాదు. కావున జూపార్కునకును పన్నెండుగంటలకును వికల్పము చెప్పవలెను: చంకబిడ్డలుగలవారు జూపార్కు, తక్కినవారు గడియారము.

“మ్యూజియం, పన్నెండు కొట్టకముందే”

గడియారమేమి, కొట్టుటయేమి? మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన వస్తువులతో 1951లో దివాన్‌దేవిడీయందు తెఱువబడి, 1968లో ఇప్పటి భవనమునకు మారిన ఆ మ్యూజియములో, కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీవారి గడియారమొకటి యున్నది. సెకనుసెకనునకు ఒక కమ్మరి సుత్తితో కొట్టుచుండును. గంటకు కొన్ని నిమిషములముందు గడ్డముగల చిన్నమనిషి తలుపు తీసికొని వచ్చి, గంటలు కొట్టి, తిరిగి లోనికిపోవును. అదియే సర్వస్వము. కాని దానిని చూచు జనమును చూడవలెను. పదునొకటింబావునకే బల్లలమీద చోటుండదు. పిల్లలను భుజములమీద నెక్కించుకొన్న తండ్రులు వెనుకనిలుచుందురు. ఎవడో “వచ్చిండు, వచ్చిండు” అని కేకవేయగా రెండువందల ఫోనులు ఒక్కసారిగా పైకి లేచును. వెనుకనున్నవారు ఆ ఫోనులలో ఆ చిన్నమనిషిని చూతురు. పన్నెండుకు పన్నెండుదెబ్బలు. ఒంటిగంటకు వచ్చినవానికి అదే టికెట్టుపైన ఒక్కదెబ్బయే లభించును. గ్రంథకర్త గృహస్థుడు గనుక ఈ లెక్క ఎఱిగియే “పన్నెండు” అని విధించినాడు.

బెన్జోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహమునెదుట నిలిచి, పాలరాతిలో ముసుగు పలుచన ఎట్లు వచ్చెనని ఆశ్చర్యపడుట మూలమున చెప్పబడకున్నను అధ్యాహార్యము.

“చార్మినార్”

ఈ పదము అభిధావృత్తిచే మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నిర్మింపించిన నాలుగుమీనారుల కట్టడమును చెప్పును. కాని ‘గంగలో పల్లె’యన్నప్పుడు గంగయను పదము గట్టునకు లక్షణచే చెల్లినట్లు, స్త్రీలు చార్మినారన్నప్పుడు ఆ పదము దాని ప్రక్కనున్న లాడ్‌బజారునందే ప్రవర్తించును. పురుషులు మెట్లెక్కి మొదటి అంతస్తునుండి నగరము చూచుచుండగా, క్రింద లక్కగాజుల దుకాణమున వాచ్యార్థముతో పనిలేని కార్యము నడచుచుండును. కొలతకు గాజు తొడిగి, తీసి, మఱియొకటి తొడిగి, సగమునకు సగము ధర తగ్గించి, “పోనీయండి, మీకోసం” అనిపించుకొనువఱకు ఎంతసేపగునో ఏ శాస్త్రకారుడును చెప్పలేదు. మదీనాయొద్ద గద్వాలచీర వెల యడిగి, “మా ఊర్ల గింత ఉండదు” అని దుకాణదారుతో వాదించు గద్వాలామెను నేనెఱుగుదును. కొనుటకు గాదు, వాదించుటకే ఆమె లోపలికిపోయెను. నేత గద్వాలదైనప్పుడు వాదము కూడ గద్వాలవారి హక్కే గదా.

“బిర్లామందిర్, ట్యాంక్‌బండ్”

సుగమము. నౌబత్‌పహాడ్‌మీద 1976లో వెలసిన తెల్లని పాలరాతిగుడికి ఫోను లోనికి తీసికొనిపోరాదు. ట్యాంక్‌బండుమీద గాలి. బుద్ధుడు 1990లో నీట మునిగి, 1992లో లేచి నిలుచున్నాడు. ఇది పిల్లలకు చెప్పవలెను.

“ఈలైతే గోలుకొండ”

పూర్వపక్షము: నడిగడ్డలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో పత్రిక పెట్టినప్పుడు గోలకొండ పేరే పెట్టిరి, 1934లో తెలంగాణమున కవులే లేరన్నవారి నోరు మూయించుటకు 354 మంది కవులను కూర్చినప్పుడును దానికి గోలకొండకవుల సంచికయనియే పేరు. ఇట్టి సంబంధము గలిగియుండగా నడిగడ్డవాడు గోలకొండ చూడక మరలుట ఎట్లు? రామదాసు బందిఖానా చూడనివానిది తెలుగుజన్మమా?

సిద్ధాంతము: కోట నగరమునకు పడమట, చార్మినారునుండి గంటకు తక్కువగాని దూరమున నున్నది. పట్టుటకు ఔరంగజేబంతటివానికి 1687లో ఎనిమిదినెలలు పట్టినది. ఆదివారము సాయంకాలము, గాజులసంచులతో, నిద్రమొగముల పిల్లలతో, 360 మెట్లెక్కి బాలాహిస్సారు చేరి, ఫతేదర్వాజాలో కొట్టిన చప్పట పైకి వినబడినదా లేదాయని పరీక్షించుట ఎవరి తరము? కావున మీమాంసకులమతమున ఈ వాక్యము విధి కాదు, అర్థవాదము. అనగా చేయుమని చెప్పుట కాదు, యాత్రను ప్రశంసించుట. మూసీకి దక్షిణపు గట్టుననున్నది ఒకదినమున కెక్కువ. ఆవలిది చేర్చినకొలది ఈవలిది తఱుగును. చీటీలో గోలకొండ యుండవలెను, కాళ్లు మాత్రము నయాపూల్ దాటరాదు.

ప్రక్షిప్తవిచారము

పెండ్లిపత్రిక అంచున, వేఱుసిరాతో, వేఱుదస్తూరితో, “కూకట్‌పల్లి చిన్నత్తను చూసి రావాలె” యని ఒక వాక్యమున్నది. ఇది ప్రక్షిప్తమని ఆధునికవిమర్శకుల వాదము. సిరా భిన్నము, శైలి విధ్యర్థప్రధానము, మూలమునందలి “ఈలైతే” వంటి సందిగ్ధపదము ఇందొక్కటియు లేదు. అన్నిటికిని నేనంగీకరింతును. కాని ప్రక్షిప్తమనగానే ప్రమాణము కాదనువాడు ఆ యింట నన్నము తిననివాడై యుండవలెను. మూలకర్త వ్రాసినదానిలో సగము జరుగకపోవచ్చును. ఈ వాక్యము జరిగితీరును.

ఇమ్లీబన్‌యొద్ద మెట్రో ఎక్కినచో ఎఱ్ఱలైను నేరుగా కూకట్‌పల్లికి పోవును. పిల్లలకు మెట్రోయే ఒక దర్శనీయము. కిటికీయొద్ద నిలుచుండి, నగరము క్రిందుగా పోవుట చూచినవానికి జూపార్కు గుర్తురాదు. చిన్నత్త యింట చాయ త్రాగి లేతుమన్నది ప్రతిజ్ఞ. పప్పుడుకక లేవనీయకుండుట ఫలము. ఆమెకు మాత్రము పదునొకండేండ్ల పిదప ఊరివారు నలుగురు ఇంట కూర్చుండిరి. ఎవరి పొలము ఎవరు కొనిరి, ఎవరి కోడలు ఎవరితో మాటలాడదు అన్నది తెలిసికొనుటకు ఆమె యెన్ని గోలకొండలనైనను ఇచ్చివేయును. బిర్లామందిరము ఇచ్చట లోపించును. దానికి ప్రాయశ్చిత్తముగా అసెంబ్లీ స్టేషను దాటునప్పుడు చేతులు జోడించినచో చాలును.

“ఆఖరి బస్సు తప్పొద్దు”

ఎన్నిగంటలకన్నది మూలమున లేదు. గ్రంథకర్తకు తెలియకకాదు, అది మాఱుచుండును గనుక. పొద్దున దిగినప్పుడే విచారణకిటికీయొద్ద అడిగి పెట్టుకొనవలెను. “గౌలిగూడ” అని వృద్ధుల పాఠాంతరము. 1994లో ఇమ్లీబన్ కట్టకముందు బస్టాండు గౌలిగూడలోనే, పెద్ద రేకుల షెడ్డుక్రింద నుండెడిది; ఆ షెడ్డు 2018లో కూలిపోయినను తాతల నాలుకమీద నిలిచియున్నది. ఆటోవానితో ఆ పాఠము పలుకరాదు.

ఆదివారము రాత్రి జనమంతయు పల్లెలనుండి పట్నమునకే మరలుచుండును. చదువుకొను పిల్లలు, పనివారు, సోమవారము హాజరుకావలసినవారు. గద్వాలవైపు పోవు బస్సులో సీట్లు దొరకునని, కావున కిటికీలోనుండి తువ్వాల విసరవలసిన యక్కఱలేదని నా సిద్ధాంతము. వనపర్తివారు దీనినంగీకరింపరు, తువ్వాల వెంటనుండి తీరవలెనని వారి మతము.