మూకుళ్ళు మోసే ఓవెన్

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో, ఒక తెలుగువారింట్లో ఉండే గ్యాస్ ఓవెన్ని నేను. నా నెత్తిమీది పొయ్యిల మీద రోజూ పులుసులు మరుగుతాయి, తాలింపులు చిటపటలాడతాయి. నా కడుపులో మాత్రం మూకుళ్ళు, పెనాలు, ఇడ్లీ పాత్ర, మూత పోయిన ఒక కుక్కరు. ఇంతింత ఖరీదు పెట్టి కొన్నది గిన్నెలు దాచుకోవడానికా అని మొదట్లో కుమిలిపోయేదాన్ని. ఇంటికొచ్చిన చుట్టాలు నా తలుపు తీసి చూసి, "మా ఇంట్లోనూ ఇంతే" అని నవ్వాక కాస్త ఊరట కలిగింది.

నాకు పండగంటే నవంబరు నాలుగో గురువారమే. ఆ రోజే థాంక్స్‌గివింగ్ పండగ. 1863లో అధ్యక్షుడు లింకన్ దాన్ని దేశమంతా జరుపుకోమన్నాడు. నాలుగో గురువారమే జరపాలని 1941లో చట్టం చేశారు. మా ఇంటికి ఆ పండగ బడి దారిన వచ్చింది. పిల్ల కాగితం మీద అరచేయి ఆనించి, చుట్టూ గీత గీసి, వేళ్ళకు ఈకల రంగులేసి, ఆ పండక్కి వండే టర్కీ కోడిని చేసుకొచ్చింది. ఇక నిజం కోడి కావాలని ఒకటే గోల.

మొదటి ఏడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. పిల్ల తండ్రి, మా అబ్బాయిగారు, లోపల చూడకుండా నన్ను వెలిగించేశారు. మూకుడులో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అది కరిగి, పొగ అలారం మోగి, పిల్ల చెవులు మూసుకుంది. ఆ గొడవ అణిగాక కోడి లోపలికొచ్చింది. దానికి ముందే ఉప్పునీళ్ళు ఎక్కించి అమ్ముతున్నారని అట్ట మీదే సన్నక్షరాల్లో రాసి ఉంది. చదవలేదు, మళ్ళీ రాత్రంతా ఉప్పునీళ్ళలో ముంచారు. "ఒరేయ్, ఇది కోడా, ఉప్పుచేపా?" అంది ఊరినుంచి వచ్చిన అబ్బాయిగారి అమ్మ.

మరుసటేడు ఆవిడే కొంగు బిగించింది. "ఊరవేయడం నాకొదిలెయ్యమ్మా, ఏటా ఆవకాయ పెడుతున్నదాన్ని" అంది కోడలితో. ఈసారి ఏదీ ఎక్కించని కోడి, 14 పౌండ్లది. రాయిలా గడ్డకట్టిన దాన్ని శుక్రవారమే ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ గడ్డ కరగడానికి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు చొప్పున పడుతుంది మరి. గ్యాలను నీళ్ళకు కప్పు కోషర్ ఉప్పు, అంటే పలుకులుగా ఉండేది. మామూలు సన్నుప్పు అదే కప్పుతో కొలిస్తే బాగా ఎక్కువ తూగుతుంది, కోడి మళ్ళీ ఉప్పుచేపే. మిరియాలు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, కమలాతొక్క వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చి, మంగళవారం రాత్రి కోడిని ముంచి ఫ్రిజ్‌లో పెట్టారు. ఉప్పు కండలోకి దిగి దాని పోగుల్ని వదులు చేస్తుంది. అప్పుడవి నీళ్ళు పట్టుకుంటాయి, నా సెగకు అంత తొందరగా వదలవు. బుధవారం పొద్దున తీసి, తడి ఒత్తి, మూత పెట్టకుండా ఆ రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఆరనిచ్చారు. తోలు తడిగా ఉంటే నేనెంత మండినా ఎర్రబడదు.

గురువారం 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో మూడున్నర గంటలు. అబ్బాయిగారు పావుగంటకోసారి తలుపు తీసేవారు. తీసినప్పుడల్లా వేడి బయటికి పోతుంది, నేను మళ్ళీ మొదలెట్టుకోవాలి. "అన్నం ఉడికిందో లేదో ఇన్నిసార్లు చూస్తామట్రా, మూయి!" అని వాళ్ళమ్మ గదమాయిస్తే నా ప్రాణం లేచొచ్చింది. రంగు చూసి ఉడికిందనుకోవడం తప్పు. తొడలో ఎముకకు తగలకుండా గుచ్చిన థర్మామీటరు 165 చూపించాకే బయటికి తీశారు. అరగంట ముట్టుకోనివ్వలేదు, వేడిమీద కోస్తే రసమంతా పళ్ళెం పాలే.

పిల్లకు తొడముక్క పెట్టారు. పెద్దావిడ రొమ్ముముక్కను ఆవకాయతో తిని, "ఫరవాలేదు" అంది. ఆవిడ నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు. మిగిలింది మర్నాడు గోంగూరలో పడింది.

మూకుళ్ళు శుక్రవారం పొద్దున్నే నాలోకి తిరిగొచ్చేశాయి. వచ్చే నవంబరులో నన్ను వెలిగించేముందు ఒక్కసారి తలుపు తీసి చూడండి బాబూ.