గవ్వలాటకు చూపు అక్కర్లేదు

వీడియో గేములు ఇప్పుడు వికలాంగులకు కూడా అందుబాటులోకి వచ్చాయని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. అసలు వాళ్లను ఆటలోంచి బయటికి నెట్టిందెవరు?

మా అక్కకు చిన్నప్పుడే చూపు పోయింది. అయినా అష్టా చెమ్మాలో ఆవిణ్ణి ఓడించినవాళ్లు మా వీధిలో తక్కువ. గుడి మంటపం బండ మీద గళ్లు చెక్కి ఉండేవి, వేలితో తడిమితే తెలిసిపోయేవి. వేసిన నాలుగు గవ్వల్లో ఎన్ని బోర్లా పడ్డాయో, ఎన్ని వెల్లకిలా పడ్డాయో అరచెయ్యి ఆనించి చెప్పేసేది. కాయలుగా ఒకరు చింతపిక్కలు పెట్టుకుంటే ఒకరు గాజుముక్కలు, మరొకరు గులకరాళ్లు, ఇంకొకరు చీపురుపుల్లలు. ఏది ఎవరిదో ఆవిడ వేళ్లకు తెలుసు. వామనగుంటల్లో గింజ పడిన చప్పుడును బట్టే లెక్క కట్టేది, ఎవరైనా ఒక గింజ నొక్కేస్తే అక్కడే పట్టేసేది. ఈ ఆటల్ని చూపు లేనివాళ్ల కోసమని ఎవరూ తయారు చెయ్యలేదు. వాటిల్లో చేతికీ చెవికీ కూడా పని ఉండేది, అంతే.

మా రోజులన్నీ బంగారమని అనను. పోలియో వచ్చిన పిల్లల్ని కబడ్డీ గీతకు అవతల కూర్చోబెట్టి ఆటలో అరటిపండు అనేవాళ్లు. అన్యాయమే. కానీ ఆ పిల్లలే సాయంత్రం పులీ మేకా ముందు కూర్చుంటే పెద్దవాళ్లకు చెమటలు పట్టేవి.

తర్వాత టీవీకి తగిలించే గేములొచ్చాయి. కళ్లు తెర మీద ఉండాలి, చేతులు రెండూ బటన్ల మీద ఉండాలి, కనిపించిన క్షణంలో నొక్కాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆట లేదు. పిల్లలంతా టీవీ ముందు చేరితే అక్క పక్కగదిలో రేడియో పెట్టుకునేది.

అప్పటికి సాంకేతికత అంత ఎదగలేదంటారు. ఆ సాకు నా దగ్గర చెల్లదు. 1989లోనే నింటెండో, చేతులు కదపలేనివాళ్ల కోసం ఛాతీకి తగిలించుకునే కంట్రోలర్ తెచ్చింది. గడ్డంతో పుల్లను అటూ ఇటూ తోస్తే బొమ్మ కదులుతుంది. గొట్టంలోకి గాలి ఊదితే ఒక బటన్, పీలిస్తే ఇంకో బటన్. 1997లో జపాన్‌లో కెంజి ఏనో అనే ఆయన సెగా కంపెనీ సాటర్న్ యంత్రం కోసం బొమ్మలే లేని ఆట తీశాడు, మొత్తం వింటూ ఆడాల్సిందే. అంధులకు సెగా వెయ్యి యంత్రాలు ఇస్తే తాను వెయ్యి ఆటలు ఇస్తానని ఆ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. దారి అప్పుడే కనబడింది కదా! అందులో నడవడానికి పెద్ద కంపెనీలకు మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆటల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు వికలాంగులకూ పనికిరావాలని అమెరికాలో 2010లో చట్టం వస్తే, మినహాయింపులు అడుగుతూ 2018 ఆఖరు దాకా లాక్కొచ్చారు.

చేసినప్పుడు మాత్రం బాగా చేశారు, ఆ మాట చెప్పాలి. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్‌కు రెండు పెద్ద బటన్లు, వెనకాల వరసగా 19 సాకెట్లు. కాలితో తొక్కే పెడలో, మోచేత్తో నొక్కే స్విచ్చో, ఎవరికి వీలైంది వాళ్లు తగిలించుకోవచ్చు. దాని అట్టపెట్టెను కూడా పళ్లతో చింపాల్సిన అవసరం రాకుండా తయారుచేశారు. వేళ్లు సాగనివాళ్లు ఇంట్లో ఏం చేస్తారో చూసినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆట రెండో భాగంలో ఇలాంటి ఏర్పాట్లు 60కి పైగా ఉన్నాయి. ఒక బటన్ నొక్కితే మనిషి వెళ్లాల్సిన వైపు తిరుగుతుంది. ఎదురయ్యేది ఏమిటో శబ్దం చెబుతుంది. చూపు మందంగా ఉన్నవాళ్లకు వెనక దృశ్యమంతా బూడిదరంగయ్యి, మనవాళ్లు నీలంగా, శత్రువులు ఎర్రగా కనిపిస్తారు. చూపు లేనివాళ్లు ఎవరి సాయం లేకుండా ఆ ఆట పూర్తి చేశారు. 2023 నాటి ఫోర్జా అనే కారు పందేల ఆటలో మలుపులు కూడా చెవితోనే తెలుస్తాయి.

కానీ ఇవన్నీ ఎంత ఖరీదు యంత్రాల మీద? మన ఇళ్లలో ఆట అంటే ఫోనే. అక్క ఫోన్‌లో, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ తెలుగులో చక్కగా చదువుతుంది, వార్తలూ మెసేజిలూ అన్నీ ఆవిడ వింటుంది. లూడో తెరిస్తే మాత్రం టాక్‌బ్యాక్ నోరు మూసుకుంటుంది. ఆట మొత్తాన్ని ఒకే బొమ్మగా తెర మీద గీస్తారు కాబట్టి, ఎక్కడ బటన్ ఉందో ఎక్కడ కాయ ఉందో టాక్‌బ్యాక్‌కు తెలియదు. అలా తెలిసేలా పేర్లు పెట్టడం ఆట రాసేవాళ్ల పని. అది కుదరని పనేం కాదు, ఆటలు తయారుచెయ్యడానికి వాళ్లు వాడే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లలో ఆ సదుపాయం కూడా ఉంది.

మా మనవడు హైదరాబాద్‌లో గేములు తయారుచేసే ఉద్యోగంలోనే ఉన్నాడు. అడిగితే, "చివర్లో చూస్తాం తాతయ్యా" అంటాడు. ఇల్లు కట్టేశాక గుమ్మం వెడల్పు చేస్తానంటే గోడ పగలాలి కదరా అన్నాను. వాడికి కావలసినవి కాగితం మీద రాసిచ్చాను కూడా: పందెం ఎంత పడిందో పలకాలి. ఏ కాయ ఏ గడిలో ఉందో వేలు పెడితే చెప్పాలి. తన వంతు వచ్చినప్పుడు ఫోన్ అదరాలి. ఆలోచించుకునే లోపే వంతు పోగొట్టే ఆ గడియారాన్ని ఆపుకునే వీలుండాలి, చెయ్యి వణికేవాళ్లకూ అదే కావాలి. మీటింగులో చెబుతానన్నాడు. చెప్పావా అని రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాను.