ఓడలు బళ్ళెక్కే ఊరు

శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం చూడాలంటే ఏ దారిన పోయినా మూడు వందల కిలోమీటర్లకు తక్కువ పడదు. అలాంటి చోట, రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరైన ఒక పెద్దమనిషి గోవా నుంచి ముప్పై అడుగుల పాత మోటారు క్రూయిజర్‌ను లారీ మీద తెప్పించి, ఇల్లు కడదామని ఎప్పుడో కొనుక్కున్న ప్లాటులో దించుకున్నాడు. పడవ వయసు ఆయన సర్వీసుకన్నా ఎక్కువ. లోపల నాలుగు పడకలు, మూలన వంటగట్టు, నిలబడితే నెత్తి తగిలే బాత్రూము, అడుగున డీజిల్ ఇంజను.

"ఇల్లు కట్టమంటే ఓడ తెచ్చిండు" అని వాళ్లావిడ పుట్టింటికి ఫోన్ చేసి చెప్పింది. ఎండాకాలం సెలవులకు ఎవరెవరు వస్తున్నారో కూడా అదే ఫోన్‌లో కనుక్కుంది.

ఊరివాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి వాళ్లు చూడని బండి లేదు. తోటలు వెంచర్లయ్యాయి, వెంచర్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి. పడవ ఒకటి వస్తే వచ్చింది. గోడ అవతలినుంచి తొంగిచూసిన ప్రతివాడూ ఒకటే అడిగాడు: "సార్, దీంట్ల బిర్యానీ ఎప్పటి నుంచి పెడుతున్నరు?"

ఆ ప్రశ్నలో వాళ్ల తప్పేం లేదు. మన దగ్గర కదలడం మానేసిన ప్రతి వాహనం చివరికి హోటలవుతుంది, కాకపోతే మ్యూజియం అవుతుంది. 2022 నవంబరులో కొచ్చి నుంచి హైదరాబాద్‌కు ఒక పాత విమానం ట్రైలర్ మీద బయల్దేరింది. పిస్తా హౌస్ వాళ్లు రెస్టారెంటు పెట్టడానికి కొన్నది. రెక్కలు విప్పి, ఒళ్లు మాత్రం రోడ్డెక్కించారు. అది బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుంది. చుట్టుపక్కల ఊళ్ల జనం సెల్‌ఫోన్లు పట్టుకుని తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. ఆకాశంలో అడ్డమన్నది ఎరగని విమానం వంతెన కింద బిక్కమొహం వేసుకుని నిలబడింది. విశాఖలో కథ ఇంకోలా జరిగింది. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మధ్య చిక్కుకున్న బంగ్లాదేశ్ సరుకు ఓడ 'ఎం.వి. మా'ను చూసి, పర్యాటక శాఖకు వచ్చిన మొదటి ఆలోచన రెస్టారెంటే. అదే ఊళ్లో 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన కురుసుర జలాంతర్గామి, 2002 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్ ఇసుకలో టికెట్టు మీద దర్శనమిస్తోంది. ముప్పయ్యేళ్లు నీళ్ల కింద ఎవరికీ కనబడకుండా దాక్కోవడమే దాని ఉద్యోగం. రిటైరయ్యాక స్కూలు పిల్లలు వరసకట్టి దాని కడుపులోంచి నడుస్తున్నారు.

పెద్దమనిషికి ఇవేవీ గిట్టవు. పడవంటే నీళ్ల మీద నడవాలి, అంతే. తన పక్షాన సాక్షిగా ఆయన ఎయిర్‌పోర్టు లోపలి హ్యాంగర్లనే చూపిస్తాడు. అక్కడ జీఎంఆర్ ఏరో టెక్నిక్ వాళ్లు వయసు మళ్లిన విమానాలకు ఎముకలు లెక్కపెట్టే పరీక్షలు చేస్తారు. పెద్ద చెకింగు అంటే సీట్లు, నేల పలకలు, వంటగది, బాత్రూములు అన్నీ ఊడదీసి, రంగు గీకి, ఒంటి రేకంతా వెతుకుతారు. తుప్పు ఎక్కువగా దొరికేది వంటగది, బాత్రూముల కిందే. పడవలోనూ అంతే. మనుషులు ఎంత పైకి ఎగిరినా, ఎంత లోతుకు వెళ్లినా, లీకయ్యేది మాత్రం అక్కడే!

"అట్ల విప్పిన విమానం మళ్లీ విమానంగానే ఎగురుతది. ఎవరూ అందులో ఇరానీ చాయ్ అమ్మరు" అన్నాడాయన.

వాళ్లావిడ పేపరు చదవకుండా మాట్లాడదు. ఇదే శంషాబాద్‌లో పాత బోయింగ్ 737లను సరుకు విమానాలుగా మార్చే ఏర్పాటు గురించి 2023 మార్చిలో బోయింగ్, జీఎంఆర్ కలిసి ప్రకటించాయి. సీట్లన్నీ పీకేసి, ఎడమవైపు ముందుభాగాన గోడంత తలుపు కోసి, నేల గట్టిపరిచి, సరుకు పైలట్ మీదికి దొర్లకుండా అడ్డుగోడ కడతారు. ఆ తర్వాత 737-800 దాదాపు 24 టన్నులు మోస్తుంది. "జనాన్ని మోసి మోసి అలిసిపోయింది, పార్సిళ్లు మోస్తది. మీ ఓడ కూడా ఏదో ఒకటి మోస్తే బాగుంటది" అని ఆవిడ ఆవకాయ జాడీలను పడవలోని అలమరల్లోకి మార్చింది. నీడ, చల్లదనం, తాళం. ఆ జాడీలకు అంతకన్నా మంచి చోటు ఆ ప్లాటులో లేదన్నది నిజం.

పనయితే మొదలైంది. ముందు పరీక్ష. ఫైబర్‌గ్లాస్ పడవ డెక్కులో పై పొరకూ కింది పొరకూ మధ్య చెక్క ఉంటుంది. ఏ బోల్టు రంధ్రంలోంచో వాన నీరు దిగితే ఆ చెక్క లోలోపలే కుళ్లుతుంది. పైకి ఏమీ తెలియదు. అందుకని పెద్దమనిషి చిన్న సుత్తి పట్టుకుని, పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి ఆనించి, డెక్కంతా తట్టుకుంటూ పోయాడు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే చెడ్డది. పిల్లచేష్టలా కనబడే ఈ పరీక్షనే విమానాల పలకల మీద కూడా చేస్తారు, వాళ్ల సుత్తి ఖరీదు ఎక్కువ, అంతే. ఇంకో విడ్డూరం ఏమిటంటే, చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పు పడదు. సముద్రపు నీటిలో తడిసిన చెక్కకన్నా వాన నీటిలో నానిన చెక్కే ముందు పోతుంది. గోవా సముద్రం కన్నా గోవా వానలే ఆ పడవకు ఎక్కువ అపకారం చేశాయి.

పడవ అడుగున బొబ్బలు. ఏళ్ల తరబడి నీళ్లలో ఉంటే ఫైబర్‌గ్లాస్ పైపూతలోంచి తేమ లోపలికి పోయి, అక్కడి రసాయనాలతో కలిసి ఉబ్బుతుంది. పొడిస్తే వెనిగర్ లాంటి పులుపు వాసనతో నీరు కారుతుంది. వైద్యం ఒకటే: పైపూత గీకేయాలి, ఒళ్లు ఎండబెట్టాలి, ఎపాక్సీ పూతలు వేయాలి. చలిదేశాల్లో ఈ ఎండబెట్టడానికే నెలల తరబడి హీటర్లు పెట్టి, షెడ్డు అద్దె కట్టి, దివాలా తీస్తారు. శంషాబాద్‌లో ఏప్రిల్, మే నెలలు ఆ పని ఉచితంగా చేసిపెట్టాయి. సముద్రం లేకపోవడం వల్ల ఓడకు జరిగిన మేలు ఇదొక్కటే కావచ్చు. కాకపోతే అదే ఎండ ఎపాక్సీ దగ్గర పగ తీర్చుకుంది. వేడిలో అది ఎంత తొందరగా గట్టిపడుతుందంటే, డబ్బాలో కలిపింది పడవ దాకా చేరేలోపు పొగలు కక్కి, రాయై, బ్రష్షును కూడా తనలో కలిపేసుకుంటుంది. అప్పటినుంచి పూత పని కోడికూత వేళకు మారింది. ఆ వేళకు మేలుకుని ఉండేది పెద్దమనిషీ, దుబాయ్ విమానం దిగి ఇళ్లకు పోయేవాళ్లూ.

ఇంజను దగ్గర మాత్రం అదృష్టం కలిసొచ్చింది. పడవల మెకానిక్ ఎవరూ దొరక్క ట్రాక్టర్ మెకానిక్‌ను పిలిపించారు. అతను మూత ఎత్తి చూసి, చెయ్యి తుడుచుకుని, "ఇది మన మాస్సీ ఇంజనే కదా సార్!" అన్నాడు. అతను చెప్పింది తమాషా కాదు. అది నాలుగు సిలిండర్ల పెర్కిన్స్. ఆ కంపెనీ ఇంజన్లు ప్రపంచమంతటా పడవల్లోనూ, మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలోనూ తిరిగాయి. చెన్నైలో సింప్సన్ వాళ్లు అదే వంశం ఇంజన్లు తయారుచేసి మన ట్రాక్టర్లకు ఇచ్చారు. విలాస నౌకలో కూర్చుని షాంపేన్ తాగేవాడికీ, మహేశ్వరం మండలంలో దుక్కి దున్నేవాడికీ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు.

తేడా ఒకచోటే. పడవకు రేడియేటర్ ఉండదు. బయటి నీటిని పంపు లోపలికి లాగి, ఇంజను వేడిని తీసి, పొగగొట్టంలోంచి పొగతో పాటు బయటికి ఉమ్ముతుంది. ఆ పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. నీళ్లు లేకుండా తిప్పితే కాసేపట్లోనే మాడి ముక్కలవుతుంది. అందుకని నేల మీద ఇంజను వేసిన ప్రతిసారీ పక్కన డ్రమ్ము నిండా నీళ్లు పెట్టాలి. శంషాబాద్‌లో వేసవిలో నీళ్ల ట్యాంకర్ ధర తెలిసినవాళ్లకు ఈ వాక్యం తర్వాత ఇంకేమీ చెప్పక్కర్లేదు.

సామాన్లకు రాణిగంజ్. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహిదీపట్నంలో దిగి, అక్కడినుంచి ట్రాఫిక్‌ను ఈదుకుంటూ పోతే రాణిగంజ్‌లో దొరకని బేరింగూ లేదు, పైపూ లేదు. "ఏ బండికి?" అని అడిగితే "పడవకు" అని చెప్పడం మానేశాడు పెద్దమనిషి; అలా చెప్పినప్పుడల్లా ధర పెరిగేది. "బోరుకు" అంటే తగ్గేది. ఒక్క వస్తువు దగ్గర మాత్రం నిజం చెప్పక తప్పలేదు. పడవ లోహం తుప్పు పట్టకుండా తనే అరిగిపోయే ముక్కను బిగిస్తారు. ఉప్పు నీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం. "మంచినీళ్లా, ఉప్పునీళ్లా?" అని కొట్టువాడు అడిగితే ఆయన చాలాసేపు జవాబు చెప్పలేకపోయాడు.

వంటగట్టు దగ్గర గ్యాస్ సిలిండర్ తీసేసి ఇండక్షన్ పొయ్యి పెట్టించాడు. ఇది మంచి పని. వంటగ్యాస్ గాలికన్నా బరువు. ఇంట్లో లీకయితే తలుపుకింది సందులోంచైనా పోతుంది, పడవలో అయితే అడుగున గిన్నెలో నీళ్లలా నిలిచి, ఒక్క నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. పాత వైర్లు మార్చి తగరం పూసిన రాగివి వేశారు. లిథియం బ్యాటరీలు, ఎల్‌ఈడీ దీపాలు, చివరికి రేవులూ లోతులూ చూపించే జీపీఎస్ తెర కూడా వచ్చాయి. తెర వేయగానే అది కాసేపు ఆలోచించి, పడవ నేల మీద ఉన్నట్టు గమనించి, దగ్గరి రేవు నిజాంపట్నమని నాటికల్ మైళ్లలో దూరం చెప్పింది. లోతు దగ్గర రెండు గీతలు చూపించి ఊరుకుంది. అంత మర్యాదగల యంత్రం అరుదు.

ఇక నీళ్లు. పక్కనే హిమాయత్‌సాగర్ ఉంది కదా అని చుట్టాలందరూ అన్నారు. ఉంది. 1908 మూసీ వరద నగరాన్ని ముంచాక ఈసీ నది మీద కట్టిన జలాశయమది, 1927లో పూర్తయింది. తాగునీటి కోసం కాపాడుకుంటున్న చెరువు. దాని చుట్టూ పది కిలోమీటర్ల మేర ఆంక్షలు పెట్టిన 111 జీవో 1996 నాటిది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చి ఆ ఆంక్షలు సడలించింది గానీ, జనం తాగే నీటిలో డీజిల్ ఇంజను తిప్పుతానని అడిగే ధైర్యం ప్రభుత్వంలో ముప్పైయేళ్లు పనిచేసిన మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? అందులోనూ పడవకు బాత్రూముంది.

అయినా ఆయన పటం గీశాడు. ఈసీ బాపూఘాట్ దగ్గర మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడినుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, హంసలదీవి, బంగాళాఖాతం. కాగితం మీద ఎర్ర సిరాతో చాలా అందంగా ఉంది. బాపూఘాట్ దాటాక మూసీలో ప్రయాణాన్ని జలయానం అనాలా, ఇంకేమైనా అనాలా అన్నది వేరే సంగతి. వానాకాలం తప్పిస్తే లోతూ చాలదు.

మిగిలింది రోడ్డు దారి: లారీ మీద నాగార్జునసాగర్. మామూలు లారీ మీద సరుకు 2.6 మీటర్ల వెడల్పు దాటకూడదు. ఈ పడవ నడుము అంతకన్నా లావు. దాటితే ప్రత్యేక అనుమతి, ముందొక జీపు, వెనకొక జీపు. నీళ్లలో దించాలంటే 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్. గోవా నుంచి వచ్చినప్పుడు ఖర్చు తడిసి మోపెడైంది. ఇప్పుడది రెండు మోపెడులు. ఫైలు తయారవుతోంది. ఫైళ్లంటే ఆయనకు ఇష్టమే.

ఈలోగా ఒక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. దగ్గర్లోని ఫంక్షన్ హాల్లో పెళ్లి, ముందుగా ప్రీవెడ్డింగ్ షూట్. కొత్తగా పాలిష్ పెట్టిన చెక్క కటకటాలు, ఇత్తడి గంట, తెల్లటి ఒళ్లు చూసి గోడ అవతలే ఆగిపోయాడు. పెద్దమనిషి కుదరదన్నాడు. వాళ్లావిడ అద్దె చెప్పింది. బేరం లోపల కుదిరింది, బయట ఆయన ఒక్క షరతు పెట్టాడు: షూటింగంతా ఇంజను నడుస్తూ ఉండాలి. ఇది బొమ్మ కాదు, నడిచే పడవ.

ఎయిర్‌పోర్టు పక్కన అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. ఎగరేసినా పైనుంచి చూస్తే కింద కంది మోళ్లు కనిపిస్తాయి. అందుకని ఫొటోగ్రాఫర్ నిచ్చెన మీద నిలబడి, ఆకాశం మాత్రమే పడేలా కెమెరా పైకెత్తాడు. నీలం పట్టా పరిచి ఇద్దరు కుర్రాళ్లు చెరో కొస పట్టుకుని అలలు పుట్టించారు. వరుడు స్టీరింగ్ పట్టుకున్నాడు. డ్రమ్ములోంచి నీళ్లు లాక్కుంటూ పెర్కిన్స్ గుడుగుడుమంది.

"సార్, ఆ పొగ వద్దు సార్, లెహంగా నల్లగైతది. మాదగ్గర తెల్ల పొగ మెషిన్ ఉంది" అని ఫొటోగ్రాఫర్ అరిచాడు.

పెళ్లికూతురి మేనమామ మాత్రం పడవ చుట్టూ తిరిగి, వెనక ప్రొపెల్లర్ తడిమి, "ఇంతకు ఇది నీళ్లల్ల నడుస్తదా సార్?" అని అడిగాడు. బిర్యానీ గురించి కాకుండా అడిగిన మొదటి మనిషి. పెద్దమనిషి అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, ఇంజను మూత ఎత్తి, చల్లబరిచే గొట్టం దగ్గరినుంచి మొదలుపెట్టాడు. కాసేపటికి వరుడు కూడా స్టీరింగ్ వదిలేసి కిందికి దిగాడు. వాళ్లింట్లోనూ మాస్సీ ట్రాక్టర్ ఉందట. పైన అలలు ఆగిపోయాయి, పెళ్లికూతురు ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. వాళ్లావిడ గడియారం చూసి, ఫొటోగ్రాఫర్ దగ్గరికి వెళ్లి, రెండో గంట అద్దె అడిగి తీసుకుంది.