నగల అంగట్లో చల్లగాలి

కమలాపురం పక్కన పారాల్సిన ఏటి పేరే పాపాగ్ని. మే వస్తే నీళ్లు పోయి అగ్ని మాత్రం మిగులుతుంది. పెన్నలో కలవాల్సిన చోట ఇసుకే ఇసుకను కలుస్తుంది.

ఈ ఎండలో కొత్త జంటకు సరదా ఏముంటుంది? మొదట్లో రీల్స్ చూసి గండికోటకు పోయినారు. మిట్టమధ్యాహ్నం ఆ బండల మీద సెల్ఫీకి నిలబడితే ఫోనే వేడెక్కి ఆరిపోయింది. వాళ్ల కంటే దానికే బుద్ధుంది.

ఇప్పుడు తెలివొచ్చింది. సెలవు దొరికితే ప్రొద్దుటూరు బస్సెక్కుతారు. స్త్రీశక్తి పథకం పుణ్యాన ఆమెకు సున్నా టికెట్, ఆయనకే చార్జీ. నేరుగా నగల అంగట్లోకి. ఏసీ కింద కుర్చీ, చల్లని నీళ్లు. నాలుగు నెక్లెసులు మెడకు పెట్టి చూసేసరికి రెండు గంటలు గడుస్తాయి. ‘‘ధర తగ్గినాక వస్తాంలేన్నా’’ అని లేస్తారు. పది గ్రాముల బంగారం లక్ష దాటినాక అంగడాయన కూడా నొచ్చుకోవడం మానేసినాడు. బయట చెరో నన్నారి షర్బత్. అంతే ఖర్చు!

రాత్రి మిద్దె మీద చాప పరిచి, చుక్కలు చూస్తూ పడుకుంటారు. పైరగాలి అప్పుడప్పుడే మొదలవుతుంది.

‘‘ఆ మూడో నెక్లెసు ఉంది చూడు...’’ అంటుంది ఆమె.

ఆయనకు చెమటలు అప్పుడు పడతాయి.